హేగ్‌కి వెళ్ళి చదవాలా, అమలాపురం కోర్టులో మొదలుపెట్టాలా? (ఇంటర్నేషనల్ క్రిమినల్ లా, ఎల్‌ఎల్‌ఎం)

అక్విడక్టు పిల్ల
ఐదేళ్ళ లా మొన్న ఏప్రిల్‌తో అయిపోయింది. మాది పి.గన్నవరం దగ్గర పల్లెటూరు. పీజీలో ఇంటర్నేషనల్ క్రిమినల్ లా చదవాలని మూడో సంవత్సరం నుంచీ ఒకటే పట్టు. మూట్ కోర్టు (కాలేజీల నమూనా వాదనల పోటీ) కోసం అకయేసు తీర్పు చదివినప్పుడు పట్టుకుంది ఇది. రువాండాలో ఒక ఊరి పెద్ద మీద కేసు. ఒక తల్లి సాక్ష్యం చెబుతూ చెబుతూ తన చిన్న కూతురికి ఏం జరిగిందో బయటపెట్టేదాకా ఆ అభియోగ పత్రంలో అత్యాచారం అన్న మాటే లేదు. తర్వాత దాన్ని సవరించారు. 1998లో తీర్పు వచ్చింది, అత్యాచారం కూడా జాతిహననంలో భాగం కావచ్చని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు సమస్య. రాజమండ్రిలో ఒక కన్సల్టెన్సీకి 40 వేలు కట్టాం. "నెదర్లాండ్స్‌లోని హేగ్‌లో ఏడాది కోర్సు, అది అవగానే అక్కడే అంతర్జాతీయ కోర్టులో ఉద్యోగం, మన దేశం కూడా మెంబరే" అన్నారు. అడ్మిషన్ వచ్చింది. తీరా నేను కూర్చుని చదివితే, ఆ కోర్టుని (ఐసీసీ, అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు) పెట్టిన ఒప్పందం రోమ్ స్టాట్యూట్ మీద మన దేశం సంతకమే పెట్టలేదు. ఫీజు, ఉండటానికి, తిండికి కలిపి నా లెక్కలో 34 లక్షలు. నాన్నకి రెండెకరాల కొబ్బరి తోట, ఎకరం చేను. అమ్మ మేజిస్ట్రేట్ పరీక్ష రాయమంటోంది. సెప్టెంబరులో క్లాసులు. ఎవరైనా ఈ దారిలో వెళ్ళినవాళ్ళు ఉంటే ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

రొయ్యల బాబాయ్
మావాడు పోస్టులో ఐసీసీ అన్న మాట చూసి క్రికెట్ అనుకుని నన్ను పిలిచాడు. ఇద్దరం కూర్చుని మొత్తం చదివాం. ఆ తల్లి సంగతి దగ్గర ఇద్దరికీ మాట రాలేదు. మా పెద్దమ్మాయి కూడా లా మూడో ఏడు, అందుకని ఇక్కడే ఉంటాను. చెప్పండి అందరూ.

భీమవరం బుల్లోడు
ఆ 40 వేలు వెనక్కి అడగండి ముందు. మెంబరు అని రాతలో ఇచ్చారా?

అక్విడక్టు పిల్ల
నోటిమాటే. వాట్సాప్‌లో "ష్యూర్ జాబ్" అని ఒక మెసేజ్ ఉంది.

భీమవరం బుల్లోడు
అది చాలు. స్క్రీన్‌షాట్ దాచండి. వినియోగదారుల ఫోరంలో వెయ్యొచ్చు.

హేగ్‌లో పాలకొల్లు
నేను ఆ దారిలోనే వచ్చాను అమ్మా, కాబట్టి నేను చెప్పాలి.

చదువు మంచిది. అందులో అనుమానం లేదు. నాలుగు నేరాలు (జాతిహననం, మానవత్వంపై నేరాలు, యుద్ధ నేరాలు, దురాక్రమణ) వినడానికి నాలుగు మాటలే. ఒక్కో దాంట్లో ఏది రుజువు చేయాలి, ఎంతవరకు చేయాలి అన్నదాని మీదే నెలలు గడిచిపోతాయి. ఊరు కూడా చదువుకి తగ్గ ఊరు. ఐసీసీ భవనం సముద్రం వైపు ఇసుక దిబ్బల పక్కన ఉంటుంది, ఎవరైనా గ్యాలరీలో కూర్చుని విచారణ చూడొచ్చు. శుక్రవారం క్లాసు లేకపోతే సైకిలు మీద వెళ్ళి కూర్చునేదాన్ని. రక్షణ ఇచ్చిన సాక్షి అయితే అద్దం వెనక కనిపించడు, గొంతు మార్చి వినిపిస్తారు. ఆ గొంతు వింటే పుస్తకంలో చదివింది వేరే, ఇది వేరే అనిపిస్తుంది.

ఇక ఉద్యోగం. అక్కడ నియామకాల్లో సభ్య దేశాల వాళ్ళకి ప్రాధాన్యం. మనవాళ్ళు వరుసలో బాగా వెనక. ఇంటర్న్‌షిప్ మూడు నుంచి ఆరు నెలలు, ఎక్కువమందికి పైసా రాదు, కొద్దిమందికి స్టైపెండ్. నేను ఆరు నెలలు సొంత డబ్బుతో చేశాను. ఊళ్ళో అద్దెలు భయంకరం. చదువు తర్వాత ఉద్యోగం వెతుక్కోవడానికి ఏడాది వీసా ఇస్తారు, ఆ ఏడాదంతా దరఖాస్తులే. చివరికి ఆమ్‌స్టర్‌డాంలో ఒక బ్యాంకులో ఆంక్షల చట్టానికి సంబంధించిన పని దొరికింది. అప్పు తీర్చేశాను, కానీ నేను వచ్చింది దీనికోసం కాదు.

నా క్లాసులో అందరికంటే ముందు ఉద్యోగం వచ్చింది కెన్యా నుంచి వచ్చిన ఒకావిడకి. మార్కుల్లో నాకంటే తక్కువే. కానీ ఆవిడ అప్పటికే ఏడేళ్ళు ప్రాసిక్యూటర్. సాక్షిని నిలబెట్టి అడిగిన మనిషి. నేను కాలేజీ నుంచి నేరుగా వచ్చాను. ఆ తేడా నాకు ఎవరూ చెప్పలేదు, నీకు చెబుతున్నాను.

మండపేట మాస్టారు
అసలు మన దేశం బయట ఉన్న కోర్టు గురించి 34 లక్షలు పోసి ఎందుకు? 1998లో రోమ్‌లో 120 దేశాలు అనుకూలం, 7 వ్యతిరేకం, 21 తటస్థం. మనం తటస్థం. కారణాలు చిన్నవి కావు. భద్రతామండలికి కేసులు పంపే అధికారం, ఆపే అధికారం ఇచ్చారు, అందులో వీటో ఉన్నవాళ్ళే కొందరు ఆ కోర్టుకి లోబడరు. ఉగ్రవాదాన్ని నేరంగా చేర్చమంటే చేర్చలేదు. అణ్వాయుధాల వాడకాన్ని చేర్చమంటే చేర్చలేదు. మనవాళ్ళు ఆలోచించే తప్పుకున్నారు. పిల్ల మన చట్టం చదివి మన జనానికి పనికొస్తే మంచిది కదా.

నాలుగో సెమిస్టర్
మాస్టారూ, కారణాలు నిజమే, ముగింపుతో ఒప్పుకోను. 2018 డిసెంబరులో సజ్జన్ కుమార్ కేసులో ఢిల్లీ హైకోర్టు ఏమంది? 1984లో సిక్కుల మీద జరిగినదాన్ని మానవత్వంపై నేరాలతో పోల్చి, మన క్రిమినల్ చట్టంలో అది గానీ జాతిహననం గానీ నేరంగా లేవు, ఈ లోటు వెంటనే పూడ్చాలి అంది. జాతిహననం ఒప్పందాన్ని 1959లోనే మనం ఆమోదించాం. 2024 జులై 1 నుంచి కొత్త న్యాయ సంహిత వచ్చింది, అందులోనూ పెట్టలేదు. రేపు ఆ చట్టం రాయాల్సి వస్తే రాయడానికి, వాదించడానికి ఈ సబ్జెక్టు చదివినవాళ్ళు ఉండాలి కదండీ.

తాటిపాక
సభ్యులం కాకపోతే సంబంధం లేదన్నది కూడా పూర్తిగా నిజం కాదు. మయన్మార్ సభ్య దేశం కాదు. కానీ రోహింగ్యాలని సరిహద్దు దాటించి తరిమేసిన నేరం బంగ్లాదేశ్ గడ్డ మీద పూర్తయింది, బంగ్లాదేశ్ సభ్య దేశం. ఆ దారి పట్టుకుని 2019లో దర్యాప్తుకి అనుమతి ఇచ్చారు. మన బంగాళాఖాతం అవతలి ఒడ్డు సంగతి ఇది, ఎక్కడో దూరం కాదు.

మండపేట మాస్టారు
ఆ రోహింగ్యా వాదన నాకు తెలియదు. బాగుంది. కానీ రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాన్ నాయకుల మీద నడిచిన టోక్యో విచారణలో మన జడ్జి రాధాబినోద్ పాల్ ఒక్కడే జపాన్ వాళ్ళు నిర్దోషులు అన్నాడు. గెలిచినవాడు ఓడినవాడి మీద నడిపే కోర్టు అని అప్పుడే చెప్పాడు మనవాడు.

కాకినాడ క్రిమినల్ సైడ్
సగమే సరి మాస్టారూ. ముద్దాయిలందరినీ అన్ని అభియోగాల మీదా నిర్దోషులన్నది నిజం. కానీ ఘోరాలు జరగలేదని ఆయన ఎక్కడా అనలేదు. జపాన్ సైన్యం చేసిన అఘాయిత్యాలకి సాక్ష్యం బలంగా ఉందనే రాశారు. ఆ పని ఈ ముద్దాయిలకి అంటగట్టడానికి రుజువు చాలదన్నారు, యుద్ధం మొదలుపెట్టడం అప్పటికి నేరం కాదన్నారు. నేరం జరగడం వేరు, ఈ మనిషి చేశాడని తేలడం వేరు. మా పని అంతా ఆ రెండింటి మధ్యే.

ఇక అమ్మాయి విషయం. 22 ఏళ్ళుగా క్రిమినల్ ప్రాక్టీసు చేస్తున్నాను, అంతర్జాతీయ చట్టం ఇష్టంతో చదువుకున్నాను. పాలకొల్లు గారు చెప్పిన కెన్యా ఆవిడ మాటే నాదీ. దొమ్మీ కేసు ఒకటి తీసుకో. పదిహేనుమంది ముద్దాయిలు, ఒకడే కత్తి పట్టాడు. మిగతా పద్నాలుగుమంది మీద నేరం ఎలా మోపుతాం? పాత ఐపీసీలో 149వ సెక్షన్, ఇప్పుడు కొత్త సంహితలో 190. ఉమ్మడి లక్ష్యంతో గుమిగూడిన ప్రతివాడూ బాధ్యుడు. యుగోస్లావియా యుద్ధ నేరాల ట్రైబ్యునల్ టాడిచ్ కేసులో 1999లో చెప్పిన ఉమ్మడి నేర పథకం సిద్ధాంతం దీనికి దూరపు చుట్టం. అక్కడ బోస్నియాలో సెర్బు సాయుధ దళాలు, ఇక్కడ గట్టు తగాదా. ప్రశ్న మాత్రం ఒకటే. ఈ ప్రశ్నని అమలాపురం కోర్టులో రెండేళ్ళు మోసినవాళ్ళకి హేగ్ క్లాసులో అర్థమయ్యేది, కాలేజీ నుంచి నేరుగా వెళ్ళినవాళ్ళకి అర్థం కాదు.

ఐసీసీలో డిఫెన్స్ లాయర్ల జాబితా ఒకటి ఉంటుంది. అందులో పేరు ఎక్కాలంటే 10 ఏళ్ళ అనుభవం, ఇంగ్లీషో ఫ్రెంచో ధారాళంగా రావాలి. ఏ దేశం అని షరతు లేదు. ఉద్యోగానికి మన పాస్‌పోర్టు అడ్డు అనిపించినా, నల్లకోటుకి అడ్డు కాదు.

అక్విడక్టు పిల్ల
సార్, జాబితా సంగతి కన్సల్టెన్సీ వాళ్ళు గానీ కాలేజీలో గానీ ఎవరూ చెప్పలేదు. 149కీ టాడిచ్‌కీ ఉన్న పోలిక చదివి మళ్ళీ నోట్సు తీశాను.

గోదారిగట్టు
చుండూరు గుర్తొచ్చింది నాకు. 1991లో దళితుల్ని చంపిన కేసు. ప్రత్యేక కోర్టు ఆ ఊళ్ళోనే పెట్టారు. 2007లో శిక్షలు పడ్డాయి, 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ఆ ఊళ్ళోనే బతుకుతూ సాక్ష్యం చెప్పినవాళ్ళు ఏమైపోవాలి? ఐసీసీలో సాక్షుల రక్షణకి విడిగా ఒక విభాగం ఉందని విన్నప్పుడు, అది నేర్చుకున్నవాళ్ళు ఇక్కడ పది మంది ఉండాలనిపించింది. హేగ్‌లో ఉద్యోగం కోసమే చదవాలా ఏం?

హేగ్‌లో పాలకొల్లు
గోదారిగట్టు గారూ, నేను పెట్టాల్సిన పోస్టు మీరు పెట్టారు. అక్కడ బాధితులకి విచారణలో విడిగా లాయరు ఉంటాడు, సాక్షిగా మాత్రమే నిలబెట్టరు. ఇది మన దగ్గరికి రావాల్సింది.

అలాగని ఆ కోర్టుని ఆకాశానికెత్తను. బెంబా అనే కాంగో నాయకుడికి 2016లో 18 ఏళ్ళు శిక్ష వేసి, 2018లో అప్పీలులో వదిలేశారు. వేలమంది బాధితులు అప్పటిదాకా ఎదురుచూశారు. చుండూరు బాధ అక్కడా ఉంది.

రాజోలు బ్యాంకు
డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు, నేను ఎత్తుతాను. విద్యారుణం 7.5 లక్షల దాకా తాకట్టు లేకుండా ఇవ్వొచ్చు. 34 లక్షలకి చాలాచోట్ల తాకట్టు అడుగుతారు. ఇక్కడే మన కోనసీమ రైతుకి చిక్కు. వ్యవసాయ భూమికి సర్ఫేసీ చట్టం (కోర్టుకి వెళ్ళకుండానే బ్యాంకు తాకట్టు ఆస్తి అమ్ముకునే చట్టం) వర్తించదు, 31వ సెక్షన్‌లో మినహాయింపు. బాకీ పడితే బ్యాంకు తేలిగ్గా అమ్ముకోలేదు, అందుకే కొబ్బరి తోట ఎకరం ఎంత పలికినా చాలా బ్యాంకులు విద్యారుణానికి తీసుకోవు. ఇల్లో, ఊళ్ళో స్థలమో, ఫిక్సుడు డిపాజిట్టో చూపాలి. పాసుపుస్తకం పట్టుకుని నాలుగు బ్రాంచీలు తిరిగి ఏడ్చిన తండ్రులు నాకు తెలుసు. ఒక విషయం గట్టిగా చెబుతున్నాను, తోట అమ్మొద్దు.

అక్విడక్టు పిల్ల
నాన్న నిన్న సరిగ్గా ఆ మాటే అన్నారు, అమ్మేద్దాం అని. రెండు బ్యాంకుల్లో తోట వద్దన్నారు, కారణం ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు అర్థమైంది.

ముమ్మిడివరం అమ్మ
అమ్మేద్దాం అన్న తండ్రి ఉన్నాడు చూడు, అది చాలు నీకు. కానీ అమ్మనివ్వకు తల్లీ.

నాలుగో సెమిస్టర్
స్కాలర్‌షిప్పులు చూశారా? కేంద్ర ప్రభుత్వ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఎస్సీలకి, సంచార జాతులకి, భూమిలేని వ్యవసాయ కూలీల, చేతివృత్తుల వాళ్ళ పిల్లలకి. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉండాలి. మీకు భూమి ఉంది కాబట్టి కూలీల కోటా రాదు, మిగతావి మీరే చూసుకోండి. బ్రిటన్ వాళ్ళ చీవ్నింగ్ అయితే ఫీజు, ఖర్చు అంతా వాళ్ళదే. కానీ రెండేళ్ళ పని అనుభవం ఉండాలి, గంటల్లో 2,800. చదువు తర్వాత మన దేశానికి తిరిగొచ్చి రెండేళ్ళు ఉండాలి.

కాకినాడ క్రిమినల్ సైడ్
చూశావా అమ్మా, స్కాలర్‌షిప్ కూడా అనుభవమే అడుగుతోంది. అమ్మగారికి కూడా ఒక మాట చెప్పు. 2025 మేలో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకి (ఆవిడ చెప్పే మేజిస్ట్రేట్ పరీక్ష అదే) మూడేళ్ళ ప్రాక్టీసు తప్పనిసరి. ఇప్పుడు పరీక్ష రాయమన్నా రాయలేవు. మూడేళ్ళు కోర్టులో ఉంటే అమ్మ కోరిక తలుపూ తెరిచే ఉంటుంది, నీ కోరిక తలుపూ తెరిచే ఉంటుంది.

తాటిపాక
నేను ఒప్పుకోను సార్. మూడేళ్ళు అమలాపురం కోర్టులో వాయిదాలకి తిరిగితే ఆ నిద్ర పట్టని రాత్రి ఉంటుందా? మా బ్యాచ్‌లో ముగ్గురు "రెండేళ్ళాగి వెళ్దాం" అన్నారు. పెళ్ళిళ్ళయ్యాయి, ఇద్దరు ప్రాక్టీసే మానేశారు. ఆడపిల్లకి వాయిదా అంటే చాలా ఇళ్ళల్లో వద్దనే అర్థం. ఐర్లండ్ చూడమ్మా. గాల్వేలో ఈ సబ్జెక్టు చెప్తారు. పీజీ తర్వాత పని వెతుక్కోవడానికి రెండేళ్ళు ఉండనిస్తారు.

ముమ్మిడివరం అమ్మ
తాటిపాక చెప్పింది నిజం. మా చెల్లెలికి అలాగే అయ్యింది.

కాకినాడ క్రిమినల్ సైడ్
ఆ భయం నేను తీసిపారేయను. నా దగ్గర జూనియర్లుగా చేరిన ఆడపిల్లల్లో తెలివైనవాళ్ళు అలా వెళ్ళిపోవడం చూశాను. అందుకే తేదీ పెట్టుకోమంటాను. ఏ నెలలో దరఖాస్తు, ఏ నెలలో పరీక్ష, కాగితం మీద రాసి ఇంట్లో గోడకి అంటించు. సంబంధాలు తెచ్చేవాళ్ళకి కూడా కనిపించాలి.

యానాం ఫ్రెంచి
ఆయ్, నా వంతు వచ్చింది. ఆ కోర్టు పని భాషలు రెండు, ఇంగ్లీషు, ఫ్రెంచి. కేసులు చాలానే ఆఫ్రికాలో ఫ్రెంచి మాట్లాడే దేశాల నుంచి వచ్చాయి: కాంగో, మధ్య ఆఫ్రికా, మాలి, ఐవరీ కోస్ట్. ఫ్రెంచి వస్తే నువ్వు వరుసలో ముందుకి జరుగుతావు. మీ ఊరి నుంచి యానాం ఎంత దూరం? ఎదుర్లంక వంతెన దాటితే మేమే. 1954 దాకా మా ఊళ్ళో కోర్టు నడిచింది ఆ భాషలోనే. మా తాతగారు ఫ్రెంచి కాగితాలు చదివేవారు. నేను ఆదివారాలు నలుగురికి చెబుతున్నాను, డబ్బు తీసుకోను. రా.

రొయ్యల బాబాయ్
మా అమ్మాయిని కూడా పంపనా మాస్టారూ? రొయ్యలు తెస్తాను.

యానాం ఫ్రెంచి
పంపండి. రొయ్యలు వద్దనను.

హేగ్‌లో పాలకొల్లు
ఈలోపు ఇంటి దగ్గర చేయగలిగేవి. ఐసీసీ విచారణలు వాళ్ళ సైట్‌లో ఉచితంగా వస్తాయి, అరగంట ఆలస్యంగా. రోమ్ స్టాట్యూట్ 128 ఆర్టికల్స్, ముందు 25, 28 మళ్ళీ మళ్ళీ చదువు: ఎవరు బాధ్యులు, పై అధికారి ఎప్పుడు బాధ్యుడు. ఐక్యరాజ్య సమితి వాళ్ళ ఆడియోవిజువల్ లైబ్రరీలో పెద్ద పెద్ద వాళ్ళ ఉపన్యాసాలు ఉచితం. అన్నిటికంటే ముఖ్యం డిజిటల్ సాక్ష్యం. 2017లో అల్-వెర్ఫల్లి అనే లిబియా కమాండర్ మీద వారెంటు ఇచ్చినప్పుడు సోషల్ మీడియాలో తిరిగిన వీడియోలు ఆధారం. మన దగ్గర ఫోను వీడియోని కోర్టులో ఎలా రుజువు చేయాలో, కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ ఎలా పెట్టాలో చేతితో చేసి నేర్చుకో. హేగ్‌లో అది తెలిసినవాళ్ళ కోసం వెతుకుతున్నారు.

ఒక జాగ్రత్త. తిరిగొచ్చి కాలేజీలో పాఠాలు చెప్పే ఆలోచన ఉంటే, విదేశీ ఏడాది ఎల్‌ఎల్‌ఎంకి మన దేశంలో సమాన గుర్తింపు ఎలా ఇస్తారో ముందే రాతలో అడిగి తెలుసుకో.

మండపేట మాస్టారు
నిన్న రాసింది మళ్ళీ చదువుకున్నాను. మన జనానికి పనికిరాదు అన్నట్టు రాశాను, అది తప్పు. చుండూరు మాట చదివాక నా మనసు మారింది. దేశం బయట ఉండటం మీద మాత్రం నా అభిప్రాయం అదే.

భీమవరం బుల్లోడు
ఆ కన్సల్టెన్సీ ఏమంది?

అక్విడక్టు పిల్ల
స్క్రీన్‌షాట్ పంపి ఫోరంకి వెళ్తానన్నాను. 25 వేలు వెనక్కి వేశారు. మిగతాది కూడా అడుగుతాను.

పదిరోజులుగా ఇంట్లో ఇదే మాట. మీరందరూ రాసినవి నాన్నకి చదివి వినిపించాను. తోట అమ్మడం లేదు. యూనివర్సిటీకి వచ్చే ఏడాదికి వాయిదా అడుగుతూ మెయిల్ పెట్టాను, కుదరకపోతే మళ్ళీ దరఖాస్తు పెడతాను. తాటిపాక అక్కా, మీ మాట మర్చిపోలేదు. తేదీలు రాసి దేవుడి గది తలుపు పక్కనే అంటించాను: చీవ్నింగ్ దరఖాస్తు, ఫ్రెంచి పరీక్ష, గాల్వే. అమ్మ కింద తన చేత్తో జడ్జి పరీక్ష కూడా రాసింది.

సోమవారం నుంచి అమలాపురంలో ఒక సీనియర్ గారి దగ్గర చేరాను.

కాకినాడ క్రిమినల్ సైడ్
మొదటి ఫైలు ఏది ఇచ్చారు?

అక్విడక్టు పిల్ల
దొమ్మీ కేసు సార్. లంకలో ఇసుక దగ్గర గొడవ. 11 మంది ముద్దాయిలు, మాది ఏ-7 (ఏడో ముద్దాయి). అక్కడ నిలబడ్డాడు, కొట్టలేదంటున్నాడు. ఒక ఫోను వీడియో ఉంది, 40 సెకన్లు. నాలుగుసార్లు చూశాను, ఏ-7 చేతిలో ఏముందో కనిపించడం లేదు.

కాకినాడ క్రిమినల్ సైడ్
వీడియో ఎవరు తీశారు, ఫోను ఎవరి దగ్గర ఉంది, 63 సర్టిఫికెట్ పెట్టారా లేదా, ముందు ఆ మూడూ చూడు. రాత్రి ఫోన్ చెయ్యి.